ఎలుగుబంట్లే నయం

దేశనూరు నుంచి ఒక్కరోజు షికారుకు చోట్లకేం కరువు? హంపి, తుంగభద్ర డ్యామ్, దరోజి: పొద్దున పోతే రాత్రికి ఇల్లు చేరొచ్చు. కానీ కుటుంబ వాట్సాప్ గ్రూపులో శనివారం రాత్రికి తేలింది ఒక్కటే: ఉగ్గాని, బజ్జి. అత్తమ్మకు మంత్రాలయం కావాల, పిల్లలకు నీళ్లు కావాల, అల్లుడుగారికి నిద్ర కావాల. "ఆరుకల్లా బండెక్కాల" అని హుకుం వేసిన పెద్దాయన తొమ్మిదికి స్నానానికి లేచారు.

1994 నాటి దరోజి అభయారణ్యంలో బండలకు తీపి పూస్తే చాలు, సాయంత్రానికి ఎలుగుబంట్లు గుట్ట దిగొస్తాయి. మనవాళ్లు ఉగ్గాని పెట్టినా గడప దిగరు! 2024 ఆగస్టులో డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోతే వారంలో అడ్డుపలకలు దించి నీళ్లాపారు. ముందు సీటెవరిదన్న తగాదాకు మాత్రం ఏ ఇంజినీరూ దొరకలేదు. డ్రైవరు వెయిటింగ్ చార్జీ లెక్కేసుకుంటున్నాడు.