నైనా, నెంబరు చెప్పు

మా ఇంటి కంప్యూటరు మదురైలో ఉంది, నేను కోయంబత్తూరులో ఉన్నాను. మధ్యలో రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దారి, పల్లడం, ధారాపురం, ఒట్టన్‌చత్రం, దిండిగల్, ఆ తర్వాత మా నైనా. వీటిలో దాటడం కష్టమైనది చివరిది.

తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహల్‌కి కూతవేటు దూరంలో మా ఇల్లు. పక్కింటివాళ్లు ఇంట్లో సౌరాష్ట్రం మాట్లాడతారు, మేము తెలుగు, వీధిలో కలిస్తే అందరమూ అరవం. ఆ ఇంటి ముందుగదిలో, దేవుడి అలమరా పక్కన ఉంటుంది కంప్యూటరు. పొలం పట్టా స్కాన్లు, ఇంటి పన్ను రసీదులు, కులదైవం గుడి చందాల లెక్క, చనిపోయేముందు మా అవ్వ పాడగా రికార్డు చేసిన పాటలు, ఆరు తరాల వంశవృక్షం, అన్నీ అందులోనే.

ఆ వంశవృక్షం భాష తెలుగే, లిపి మాత్రం అరవం. మా ఇళ్లలో తెలుగు నోటిదాకా వచ్చింది గానీ చేతిదాకా రాలేదు. నేనైనా అక్షరాలు నేర్చుకున్నది ముప్పై దాటాకే. అరవ లిపిలో ప, బ రెంటికీ ఒకటే అక్షరం. ట, డలకూ అంతే. నైనా 'పాట' అని పేరు పెట్టిన ఫోల్డరు తెరిస్తే అందులో అవ్వ పాటలు ఉండొచ్చు, పొలం బాట తగాదా కాగితాలూ ఉండొచ్చు. అందుకని ఫలానా ఫైలు పంపు అని ఫోన్లో అడిగి లాభం లేదు. నేనే ఇక్కడి నుంచి ఆ కంప్యూటరు లోపలికి పోయి వెతుక్కోవాలి. అదీ పైసా ఖర్చు లేకుండా.

మొదట పట్టుకున్న సాఫ్ట్‌వేర్ పేరు చెప్పను. అవతలి కంప్యూటర్లో దాన్ని తెరిస్తే ఒక నెంబరు, ఒక పాస్‌వర్డు కనపడతాయి. ఆ రెండూ మనకు చెబితే మనం లోపలికి పోవచ్చు. ఫోన్ చేసి, "నైనా, నెంబరు చెప్పు" అన్నాను.

"చెప్పను" అన్నాడు.

2019లో రిజర్వు బ్యాంకు హెచ్చరిక చేసింది కదా, ఎనీడెస్క్ లాంటి యాప్ వేయించి, తెర మీది నెంబరు అడిగి, ఖాతాలు ఊడ్చేసేవాళ్లున్నారని. అది పేపర్లో చదివిననాటి నుంచి నైనా నెంబర్లు చెప్పడం మానేశాడు. కరెంటు బిల్లు రీడింగ్ కూడా అమ్మ చేతే చెప్పిస్తాడు.

"నేనే నైనా, నీ కొడుకును."

"గొంతు వాడిదే మాదిరి ఉండాది. నిజంగా నువ్వేనైతే, చిన్నప్పుడు తెప్పకుళంలో ఏమి జారవిడిస్తివో చెప్పు."

"అవ్వ వెండి కుంకుమబరిణె."

"దెబ్బలు తినింది ఎవరు?"

"తమ్ముడు."

"సరి, రాసుకో."

రెండంచెల భద్రత అని కంపెనీలు ఈమధ్య గొప్పగా చెప్పుకుంటున్నది ఇదే. అయినా నా నమ్మకం ఏమిటంటే, ఆ ప్రశ్నలు కూడా అక్కర్లేదు. ఏ మోసగాడూ మా ఇంటి తెలుగులో మాట్లాడలేడు. విజయవాడ నుంచి వచ్చిన తెలుగువాళ్లే రెండో వాక్యానికి ఇంగ్లీషులోకి దిగిపోతారు.

నెంబరు సరే, పాస్‌వర్డు దగ్గర చిక్కొచ్చింది. నైనా నోట్లో ఇంగ్లీషు బి, పి, డి, టి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. పదాలు కట్టి చెప్పమన్నాను. "బోడినాయకనూరు బి, ఉసిలంపట్టి యు, పెరియకుళం పి, తిరుమంగళం టి" అన్నాడు. విశ్వనాథ నాయకుడి కాలంలో మదురై సీమను 72 పాళేలుగా పంచారంటారు. నైనా పాస్‌వర్డులో సగం పాళేలు వచ్చేశాయి. నేను అడిగాను: "పెద్ద బోడినాయకనూరా, చిన్నదా?" "ఉండేది ఒకటే కదరా" అన్నాడు.

ఎట్లాగో లోపలికి పోయాను. మౌస్ బాణం తనంతట తాను కదిలేసరికి నైనా కుర్చీ వెనక్కి జరుపుకున్న చప్పుడు ఫోన్లో వినపడింది. ఐదు నిమిషాలు కూడా కాలేదు, తెర మీద ఒక పెట్టె: మీరు దీన్ని వ్యాపారానికి వాడుతున్నట్టు అనుమానంగా ఉంది, సొంత వాడకానికే ఉచితం. అని చెప్పి తలుపేసేసింది. నైనాకు అర్థం చెబితే చాలా సంతోషపడ్డాడు. "ఇన్నాళ్లకు ఒకడన్నా నువ్వు చేసేది వ్యాపారమని ఒప్పుకున్నాడు" అన్నాడు.

సరే, విండోస్‌లోనే రిమోట్ డెస్క్‌టాప్ ఉంది కదా అని చూశాను. విండోస్ ప్రో అయితే బయటివాళ్లను లోపలికి రానిస్తుంది. మా ఇంట్లో ఉన్నది విండోస్ హోమ్. అది పరాయి కంప్యూటర్లలోకి హాయిగా పోగలదు, తనింటికి మాత్రం ఎవర్నీ రానివ్వదు. ఇట్లాంటి చుట్టం మాకు రాజపాళయంలో ఒకాయన ఉన్నాడు.

తర్వాత వీఎన్‌సీ. దీని పుట్టుక నాకు నచ్చింది. 1991లో కేంబ్రిడ్జి కంప్యూటర్ లాబ్‌లో కాఫీ గిన్నెకు ఎదురుగా ఒక కెమెరా పెట్టారు. మెట్లెక్కి పోయాక గిన్నె ఖాళీగా కనిపిస్తే ప్రాణం ఉసూరుమంటుందని, కూర్చున్నచోటు నుంచే చూసుకోవడానికి. దానికి ప్రోగ్రాం రాసినవాళ్లలో ఒకడైన క్వెంటిన్ స్టాఫర్డ్-ఫ్రేజర్ తర్వాత అదే ఊళ్లో వీఎన్‌సీని తయారు చేసిన బృందంలోనూ ఉన్నాడు. కుర్చీలోంచి లేవడం ఇష్టంలేని మనుషులు కనిపెట్టింది గనక నాకు సరిపోతుందనుకున్నాను. ఉచితమే, కోడ్ కూడా బహిరంగమే. కానీ అది పనిచేయాలంటే మా మదురై ఇంటికి ఇంటర్నెట్‌లో ఒక చిరునామా ఉండాలి. అది లేదు. ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లు ఎన్నో ఇళ్లకు కలిపి ఒకే చిరునామా ఇస్తున్నారు, లైను ఇళ్లన్నిటికీ ఒకటే తలుపు నెంబరు ఉన్నట్టు. పోస్టుమ్యాన్ వస్తాడు, వీధిలో నిలబడతాడు, వెనక్కి పోతాడు.

అందుకే ఇప్పటి సాఫ్ట్‌వేర్లు ఇంటికి రావు. నైనా కంప్యూటరూ నాదీ చెరొక వైపు నుంచీ బయల్దేరి మధ్యలో ఒక సర్వర్ దగ్గర కలుసుకుంటాయి, దిండిగల్ టీ కొట్టు దగ్గర కలిసినట్టు. టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్, గూగుల్ వాళ్ల క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్, మూడూ ఈ కుటుంబమే. టీ కొట్టు ఎవరిదన్నదే తేడా. ఉచితమన్న బోర్డు ఎన్నాళ్లుంటుందో కొట్టువాడికే ఎరుక. 2014 జనవరిలో లాగ్‌మీఇన్ అనే కొట్టు తన ఉచితం బోర్డు తిప్పేసింది.

ఈ గోడు పీలమేడులో మా ఇంటి ఓనరుకు చెప్పుకున్నాను. ఆయనదీ తెలుగిల్లే, మోటార్లకు కాయిల్ చుట్టే పని. జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి 1937లో తొలి స్వదేశీ విద్యుత్ మోటారు చేసిన ఊరు కదా, ఇక్కడ ఏ కష్టానికైనా జవాబు సొంత మోటారే. "కొళాయిలో వచ్చే శిరువాణి నీళ్లు తియ్యనే. కానీ ఎప్పుడొస్తాయో వాళ్లిష్టం. సొంతంగా బోరు వేసుకో" అన్నాడు ఆయన. అట్లాంటి బోరు నిజంగానే ఉంది: రస్ట్‌డెస్క్. కోడ్ బహిరంగం, మధ్యలో ఉండే సర్వర్ కూడా మనమే నడుపుకోవచ్చు. రెండు రాత్రులు కూర్చుని తవ్వాను. బోరు వేసినవాళ్లకు తెలిసిందే, నీళ్లు ఉచితం, రిపేరు మనది. మూడో రాత్రి వదిలేసి గూగుల్ కొళాయి కిందే బిందె పెట్టాను.

పొంగలుకు ఊరెళ్లినప్పుడు క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ బిగించాను. ఆరంకెల పిన్ పెడితే చాలు, అవతల ఎవరూ నొక్కి ఒప్పుకోవాల్సిన పని లేదు. నైనాకు ఇదే నచ్చలేదు. "అంటే నేను లేనప్పుడు కూడా నువ్వు వస్తావు" అన్నాడు. అని, నాగమ నాయకుడి కథ ఎత్తుకున్నాడు. పాండ్యుడికి రాజ్యం ఇప్పించి రమ్మని కృష్ణదేవరాయలు పంపితే, నాగముడు మదురైలో తానే కూర్చుండిపోయాడట. పట్టి తెమ్మని కొడుకు విశ్వనాథుడినే పంపితే, అతను తండ్రిని కట్టి తీసుకుపోయాడట. "మదురైలో ఒకడికి లోపలికి దారి ఇస్తే బయటికి పోడు. కొడుకైతే తండ్రినే కడతాడు" అని ముగించి, పిన్ తానే పెట్టాడు. ఏం పెట్టాడో నాకు చెప్పడానికి రెండు రోజులు పట్టింది.

కోయంబత్తూరు వచ్చి చూస్తే కంప్యూటరు 'ఆఫ్‌లైన్' అంది. మర్నాడూ అంతే. ఫోన్ చేశాను.

"ఆపి పెట్టినా. గోడ స్విచ్చి."

"ఎందుకు నైనా?"

"రెండు నెలలకు నూరు యూనిట్లే ఉచితం. ఐదు నూర్లు దాటితే రేటే వేరే. నీ సాఫ్ట్‌వేర్ ఉచితమే, అది మేలుకోని ఉండేదానికి కరెంటు నేను కట్టాల."

నిద్రపోయే కంప్యూటరును దూరం నుంచి లేపే వేక్-ఆన్-ల్యాన్ అనే ఉపాయం ఉంది. లేపే పిలుపు వినడానికి దాని నెట్‌వర్క్ కార్డుకు పిసరంత కరెంటు అందుతూ ఉండాలి. గోడ దగ్గరే ఆపేస్తే ఎవరు వింటారు?

పోయిన వారం పట్టా స్కాన్ అర్జెంటుగా కావలసొచ్చింది. "నువ్వు కష్టపడొద్దు, డెస్క్‌టాప్ మీద ఉండేదంతా పెన్ డ్రైవ్‌లో వేసి బస్సులో ఇచ్చినా. కోడలికి పూలు కూడా పెట్టినాము" అన్నాడు నైనా. అరప్పాళయంలో బయల్దేరిన బస్సు ఐదున్నర గంటల్లో సింగానల్లూరు చేరింది. డ్రైవరు చేతిలో అరిటాకు పొట్లం. 64 జీబీ పెన్ డ్రైవ్ నిండా ఉందనుకుంటే సెకనుకు 26 మెగాబిట్లు. మా మదురై లైను అంత వేగంగా ఏనాడూ ఏదీ పైకి పంపలేదు. పైగా మల్లెల వాసన. ఇన్ని నెలలు సాఫ్ట్‌వేర్లు వెతికిన నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇంటికొచ్చి తెరిచాను. పట్టా, పాట, వంశం, అన్ని పేర్లూ ఉన్నాయి. ప్రతి బొమ్మ కింద మూలలో ఒక చిన్న వంపు బాణం. ఒక్కోటి ఒకటి రెండు కేబీ. నైనా షార్ట్‌కట్లు పంపాడు.

రాత్రి తొమ్మిదిన్నరకు మళ్లీ సింగానల్లూరు. బస్సెక్కి కూర్చుని ఫోన్ చేశాను. "పొద్దున నేను దిగేసరికి కంప్యూటరు స్విచ్చి వేసి ఉంచు నైనా."

"నువ్వే వస్తాండావు కదా," అన్నాడు. "ఇంక దానికి స్విచ్చి ఎందుకు?"