సన్నని తీగ

షాద్‌నగర్‌లో ఫ్యూజును ఫ్యూజు అనేవాళ్లు తక్కువ. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కొట్టేసేది ఫీజు. మీటరు కింద పోయేది ఫీజు. బోరు స్టార్టరు డబ్బాలో ఎగిరేదీ ఫీజే. 28 ఏళ్లు ఇక్కడి ఒక ప్రైవేటు బడిలో ఫిజిక్స్ చెప్పిన నేను ఈ ఒక్క మాట మీద చేసినంత యుద్ధం మరి దేని మీదా చెయ్యలేదు. పదో తరగతి విద్యుత్తు పాఠం మొదలయ్యేదే అక్కడ. ఎడిసన్ 1890లో దానికి పేటెంటు తీసుకున్నాడనీ, మిగతా వైరింగును కాపాడటానికి తాను కరిగిపోయే సన్నని తీగ అదనీ చెప్పి, ‘‘దాని పేరన్నా సరిగ్గ పలకండ్రా. ఫీజంటే బడిల కట్టేది’’ అనేవాణ్ణి. క్లాసంతా నవ్వేది. గంట కొట్టి గేటు దాటగానే మళ్లీ అందరికీ ఫీజే.

రిటైరయ్యాక పాత కారుకు ఓ స్టీరియో కొన్నాను. బిగించడానికి షాపువాడు 500 అడిగాడు. కరెంటు పాఠం చెప్పినవాడికి కరెంటు పని చెయ్యడానికి కూలీ ఎందుకని నేనే కూర్చున్నాను. పసుపు తీగ బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, ఎరుపు తాళం తిప్పితేనే కరెంటు వచ్చేది, నలుపు బాడీకి, మిగతా జంటలు స్పీకర్లకు. అన్నీ తెలుసు. ముందు బ్యాటరీ మైనస్ ఊడదీయాలన్నదీ తెలుసు. అయిదు నిమిషాల పనికి అదెందుకులే అనుకున్నాను. పసుపు తీగ కొస వెనకున్న ఇనుప పట్టీకి తగిలింది. చిటుక్కుమంది. లోపలి లైటు, గడియారం, హారన్ ఒక్కసారే పోయాయి. మా కారులో అన్నింటికీ కలిపి ఒకటే ఫ్యూజు మరి.

15 ఆంపియర్ల నీలం ఫ్యూజు తీసి చూస్తే మధ్యలో తెగి ఉంది. కొత్తది పెట్టాను, అదీ పోయింది. ఇంకోటి లేదు. ఆదివారం సాయంత్రం, జడ్చర్లలో మా బావమరిది కూతురి పెళ్లి, ఇంటామె పట్టుచీరలో గుమ్మం దగ్గర నిలబడి ఉంది. అప్పుడు నేను చేసిన పని నా విద్యార్థి ఎవరైనా చేసి ఉంటే చెవి మెలిపెట్టేవాణ్ణి. పాన్‌డబ్బా దాకా నడిచి, సిగరెట్ పెట్టెలోని సిల్వర్ కాగితం అడిగి తెచ్చి, కాలిపోయిన ఫ్యూజుకు చుట్టి నొక్కాను.

హారన్ మోగింది! పెళ్లికి బయలుదేరాం.

సన్నని తీగ కరగనంటే లావు తీగ కరగాలి, అంతే కదా. 44వ నంబరు హైవే మీద (మాకింకా అది ఏడో నంబరు రోడ్డే) రాయికల్ టోల్‌గేటు కనిపించే వేళకు కమురు వాసన మొదలైంది. డ్యాష్‌బోర్డు సందుల్లోంచి పొగ. పక్కకు ఆపి, బానెట్ ఎత్తి, చేతికి తువ్వాల చుట్టుకుని బ్యాటరీ తీగ పీకేశాను. ‘‘మాడింది తీగేనా, మీ పాఠమా?’’ అంది ఇంటామె. ఎవరో బొలేరో ఆయన తాడు కట్టి మమ్మల్ని వెనక్కి, షాద్‌నగర్ చౌరస్తా దాకా గుంజుకొచ్చాడు.

తెరిచి ఉన్నది ఒక్కటే షాపు. ‘సెల్ఫ్, డైనమో, వైరింగ్’ అని బోర్డు. ముప్పై అయిదేళ్లుంటాయేమో అతనికి. ‘‘కూసోండ్రి సార్’’ అని స్టూలు జరిపి, ఫ్యూజు డబ్బా తెరిచి, నల్లబడ్డ సిల్వర్ కాగితాన్ని పట్టకారుతో బయటికి తీశాడు.

‘‘ఇది ఎవరు వెట్టిండ్రు సార్?’’

‘‘ఎవడో మెకానిక్’’ అన్నాను. ఇంటామె రోడ్డు వైపు తిరిగింది. అతను ఇంకేమీ అడగలేదు.

ఫ్యూజు ఉండాల్సిన చోట రెండు తీగలతో ఒక 21 వాట్ల బ్రేకు బల్బు తగిలించి, బ్యాటరీ కలిపాడు. బల్బు భగ్గున వెలిగింది. ‘‘షార్టు ఇంక ఉన్నది. ఫ్యూజు మీద ఫ్యూజు కాలవెట్టుకుంట కూసుంటే దొరకది సార్. గీ బల్బు రెండు ఆంపియర్లు గూడ పోనియ్యది. తీగలు సల్లగుంటయి, మనం నిమ్మలంగ దేవులాడుకోవచ్చు.’’

ఈ ఉపాయం నా పాఠంలో లేదు. తీగల కట్టను జానెడు జానెడు కదుపుతూ పోయాడు. స్టీరియో వెనక వంపు దగ్గర బల్బు ఒక్క క్షణం ఆరి, మళ్లీ వెలిగింది. అక్కడ నా పసుపు తీగ కరిగి, పక్క తీగలతో కలిసి బెల్లం పాకంలా ముద్దయి ఉంది. ఆ ముక్క కోసేశాడు, కొత్త తీగలు వేసి, టంకం పెట్టి, టేపు చుట్టాడు. బల్బు ఆరిపోయింది. దాన్ని తీసేసి నీలం ఫ్యూజు నొక్కాడు. మీటరు పెడితే 12.5 వోల్టులు, ఇంజన్ నడిపితే 14.1. అన్నీ ఆపేశాక 30 మిల్లీ ఆంపియర్లు. ‘‘యాభై దాటకుంటె బ్యాటరీకి ఏం కాదు’’ అన్నాడు.

అతని పని కంటే అతని నోట ‘ఫ్యూజు’ అన్న మాట నన్ను ఎక్కువ మురిపించింది. ఈ ఊళ్లో బడి గేటు బయట ఆ మాట అంత శుభ్రంగా వినడం నాకదే మొదలు. ఎవరో మంచి సార్ దొరికి ఉంటాడనుకున్నాను.

‘‘ఎక్కడ నేర్చినవ్ బాబూ ఇదంతా?’’

‘‘సగం బడిల, సగం ఉస్తాద్ దగ్గర.’’

‘‘సగమెందుకు, బడి మానేసినవా?’’

జవాబు చెప్పకుండా టేపు పళ్లతో తెంపాడు.

రాత్రి పదకొండయింది. అక్కడ పెళ్లి భోజనాలు కూడా అయిపోయి ఉంటాయి. చిన్న కాగితం మీద తీగ, టేపు, కూలి వరసగా రాస్తున్నాడు. అలసటో, ఆకలో, 28 ఏళ్లలో ఒక్కనాడూ జారని మాట నా నోరు జారింది.

‘‘ఆ నీలం ఫీజుకెంత?’’

అతను రాయడం ఆపాడు. తల మాత్రం ఎత్తలేదు.

‘‘ఫీజు కాదు సార్, ఫ్యూజు. ఫీజంటే బడిల కట్టేది. మీరు గట్లనంగనే ఆ దినం క్లాసంత నవ్విండ్రు. అది కట్టలేదనే గద, నన్ను కిటికీ అవుతల నిలవెట్టిండ్రు.’’