ఘంటాపథం: ఒక ఇంటర్‌కామ్ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

లక్డీకాపూల్‌లో మెట్రో దిగి రెడ్‌హిల్స్ వైపు తిరిగితే వరసగా పాత కాంప్లెక్సులు కనిపిస్తాయి. వాటిలో ఒకదాని మూడో అంతస్తులో ఒక ఆఫీసుంది. రిసెప్షన్ బల్ల మీద, అద్దం కింద, ఫోను పక్కనే ఒక అట్టముక్క. దాని మీద నీలం స్కెచ్‌పెన్నుతో ఒక ఆటవెలది.

సున్న నొక్క బయటి చుట్టాలు పలికేరు
తొమ్మిదొత్త నామె తోడు కలుగు
మూడు నొక్క గదుల మోగును గంటలు
పట్టువిడుపు లెరిగి పలుకుమన్న

కర్త పేరు లేదు. అకౌంట్స్ సెక్షన్‌లో చేసి రిటైరైన ఒకాయన రాశాడని ఐతిహ్యం. కాలం 2021కి పూర్వం. అదెలా తేలిందో మొదటి పాదం దగ్గర చెప్తాం. గణాలు సరిపోయాయి, యతులు నిలిచాయి. 'పలికేరు' లాంటి ప్రయోగం చూసి వ్యాకరణవేత్తలు మొహం చిట్లిస్తారు గానీ, కర్త వాడుక భాషావాది గిడుగు వారి పక్షం అనుకుంటే పేచీ లేదు.

మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పుకునే కొలిచెలమ మల్లినాథ సూరి, కాళిదాసు కావ్యాలకు 'సంజీవని' రాశాడు. భారవి కిరాతార్జునీయానికి రాసిన వ్యాఖ్యకు 'ఘంటాపథం' అని పేరు పెట్టాడు. గంటలు మోగే దారి గురించిన పద్యానికి అంతకంటే తగిన పేరు దొరకదు కాబట్టి అరువు తెచ్చుకున్నాం. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ. మేం మొదటి సగానికి మాత్రం పూచీ పడతాం.

ప్రతిపదార్థం

సున్నన్ = సున్న అనే మీటను; నొక్కన్ = నొక్కగా; బయటి చుట్టాలు = ఆఫీసు వెలుపలి వారు, అనగా పార్టీలు, సప్లయర్లు, ఇంటివారు; పలికేరు = పలుకుతారు (లైను ఖాళీగా ఉంటే అని అధ్యాహారం); తొమ్మిదిన్ = తొమ్మిదిని; ఒత్తన్ = ఒత్తగా; ఆమె తోడు = ఆపరేటరమ్మ సాయం; కలుగున్ = లభిస్తుంది (లంచ్ టైమ్ మినహాయించి); మూడు = మూడు అంకెలను; నొక్కన్ = నొక్కగా; గదులన్ = సెక్షన్లలో; గంటలు మోగును = ఫోన్లు మోగుతాయి (ఎత్తుతారని కవి అనలేదు); పట్టు = హోల్డ్; విడుపు = ఫ్లాష్ (ట్రాన్స్‌ఫర్‌కు నొక్కే మీట); ఎరిగి = తెలుసుకొని; పలుకుము = మాట్లాడుము; అన్న = ఓ అన్నా!

తాత్పర్యం

బయటికి 0, ఆపరేటరుకు 9, లోపలికి మూడంకెల నంబరు. హోల్డ్‌లో పెట్టడం, ట్రాన్స్‌ఫర్ చేయడం తెలిశాక ఫోను ముట్టుకోండి.

విశేషాలు

మొదటి పాదం. సున్న అంటే ఏమీ లేదని అర్థం చేసుకోకూడదు. వేలు పెట్టి తిప్పే ఫోన్ల కాలంలో ఒకటికి ఒక దెబ్బ, రెండుకు రెండు, సున్నాకు పది దెబ్బలు తీగ మీద వెళ్లేవి. అంకెలన్నిటిలోకీ బరువైనది సున్నే. ఇక్కడ అది గుమ్మం. మన దేశపు ఇంటర్‌కామ్ బోర్డుల్లో (ఆఫీసు ఫోన్లన్నిటినీ కలిపే పెట్టెల్లో) ఎక్కువ భాగం ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే 0 అంటే బయట, 9 అంటే ఆపరేటర్ అని ఉంటాయి. అమెరికా ఆఫీసుల్లో తిరగేసి ఉంటుంది: 9 బయటికి, 0 ఆపరేటరుకు. అక్కడ ఉద్యోగం చేసొచ్చిన వారు ఇక్కడ మొదటి వారం ఆపరేటరమ్మను ఊరికే పలకరిస్తుంటారు.

బోర్డు మొదటి అంకె వినగానే సగం తేల్చేసుకుంటుంది. 0 వస్తే బయటి లైను ఇస్తుంది. 2 వస్తే ఇంకో రెండంకెల కోసం కాచుకుంటుంది. అందుకే ఒకే బోర్డులో 20, 201 రెండూ ఎక్స్‌టెన్షన్లుగా పెట్టకూడదు. పెడితే 20 నొక్కగానే అక్కడే మోగి 201 అనాథ అవుతుంది, లేదా ఇంకేమైనా నొక్కుతారేమోనని బోర్డు కొన్ని సెకన్లు నోరు తెరుచుకుని కూర్చుంటుంది. కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చినవాడు ముందు చేసే తప్పు ఇదే.

ఇక కాలనిర్ణయం. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైను మీంచి ఏ సెల్‌కి చేసినా ముందు 0 కొట్టాలని టెలికాం శాఖ నియమం పెట్టింది. దీనివల్ల సెల్ నంబర్లకు 254.4 కోట్ల కొత్త జాగాలు దొరుకుతాయని లెక్క చెప్పింది. అప్పటినుంచి ఈ ఆఫీసులో సెల్‌కి ఫోను చేయాలంటే రెండు సున్నలు: మొదటిది బోర్డు సున్న, రెండోది సర్కారు సున్న. పద్యంలో ఒక్కటే ఉంది కనుక పద్యం పాతది. పైగా, చిన్న ఉద్యోగులు ఎస్‌టీడీ చేయకుండా బయటి లైను మీద మొదటి అంకె సున్న అయితే కట్ చేసేలా తాళం వేయడం పాత ఆచారం. ఆ తాళం అలాగే ఉంచిన బోర్డుల్లో కొత్త నియమం రాగానే సెల్‌ఫోన్లన్నీ ఎస్‌టీడీ కింద లెక్కపడ్డాయి. పక్క వీధిలో ఉన్నవాడి సెల్ కూడా. తాళం విప్పితే ఎస్‌టీడీ దుర్వినియోగం అని పైవాళ్లు, విప్పకపోతే పని జరగదని కిందివాళ్లు. సున్న తర్వాత సెల్ నంబర్లను మాత్రం అనుమతించి మిగతావి ఆపాలి. ఈ ఒక్క పంక్తి ప్రోగ్రామింగులో ఉంటుంది, పద్యంలో ఉండదు.

ఆక్షేపం: 0 బయటికి, 9 ఆపరేటరుకు పోతే గదులకు 1తో మొదలయ్యే నంబర్లు ఇవ్వొచ్చు కదా, 101 నుంచి లెక్కపెట్టుకోవడం సులువు కదా?

సమాధానం: ఇవ్వొచ్చు, ఇచ్చినవారూ ఉన్నారు. అప్పుడు 100 ఎండీ గారిదవుతుంది, 101 పీఏది, 108 క్యాషియర్‌ది. 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులోనే మొదలైంది. ఊళ్లో చిన్నపిల్లలకు కూడా ఆ నంబరు కంఠతా వచ్చు. స్టోర్స్‌లో ఎవరికో గుండె పట్టేసి, పక్కనున్నవాడు గాభరాలో చేతికందిన ఇంటర్‌కామ్ మీద 108 నొక్కాడనుకోండి. అవతల క్యాషియరు ఎత్తి, ఓచర్ పంపారా అంటాడు.

ఇది ఊహించి చెప్పే మాట కాదు. 2013 డిసెంబరులో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం, మార్షల్ ఊళ్లో ఒక మోటల్ గదిలో కారీ హంట్ అనే ఆమెపై దాడి జరిగింది. తొమ్మిదేళ్ల కూతురు గది ఫోన్లో 911 నాలుగు సార్లు నొక్కింది. బయటి లైనుకు ముందు ఇంకో 9 నొక్కాలని ఆ పిల్లకు తెలీదు. తల్లి చనిపోయింది. తాత పట్టుబట్టి తిరిగితే 2018 ఫిబ్రవరిలో చట్టం వచ్చింది, కారీ పేరు మీదే: కొత్తగా పెట్టే బోర్డుల్లో ముందు ఏ అంకే లేకుండా 911 నేరుగా తగలాలి. మన బోర్డుల్లోనూ అత్యవసర నంబర్లకు ఒక పట్టిక ఉంటుంది. 100, 101, 108, 112 అందులో వేసేస్తే సున్న లేకుండానే బయటికి వెళ్తాయి. దాన్ని ఖాళీగా వదిలేసి, ఎండీ గారి గదికి సంగీతం ఏది పెట్టాలా అని గంటసేపు చూసేవారిని మేం చూశాం. ఈ ఆఫీసు గదులు 201 నుంచి మొదలవుతాయి. కర్త ఛందస్సులో ఎంతటివాడో గానీ ఈ విషయంలో తెలివైనవాడు.

రెండో పాదం. 'ఆమె' ఎవరు? ఇక్కడ సంప్రదాయభేదం ఉంది. లక్డీకాపూల్ వారు పాతకాపులు: రాగి తీగ, తీగలు కలిపే ట్యాగ్ బ్లాకు, సైఫాబాద్ టెలిఫోన్ భవన్ నడిచి వెళ్లేంత దూరం. వారి మతంలో ఆమె అంటే రిసెప్షన్‌లో కూర్చునే ఆపరేటరే. మెట్రోలో నాలుగో స్టేషన్ అమీర్‌పేట. అక్కడ కోచింగుల్లో ఐపీ టెలిఫోనీ నేర్చినవారు ఆమె అంటే ఆటో అటెండెంటు అంటారు, అంటే ఎక్స్‌టెన్షన్ నంబరు తెలిస్తే నొక్కమనే రికార్డు గొంతు. పాత కార్డులూ కొత్త కార్డులూ ఒకే పెట్టెలో దించేవారిని మధ్యలో ఉన్న పంజాగుట్ట పేర సమన్వయవాదులు అందాం. మా మతం లక్డీకాపూల్ వారిదే. రికార్డు గొంతు దారి చెప్తుంది గానీ 'తోడు' రాదు.

చరిత్ర చూస్తే ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి పుట్టిందే ఆమెను తప్పించడానికి. కాన్సస్ సిటీలో ఆల్మన్ స్ట్రౌజర్ అని శవసంస్కారాల వ్యాపారి. తనకు రావాల్సిన ఫోన్లను ఆపరేటర్లు పోటీదారుకు కలిపేస్తున్నారని అనుమానం. ఆ కసితో మనిషి అక్కర్లేని స్విచ్చి కనిపెట్టి 1891లో పేటెంటు పొందాడు. అలా వెళ్లగొట్టిన ఆమెను మన కవి తొమ్మిదో మీట మీద మళ్లీ కూర్చోబెట్టాడు.

దోషవిచారం: ఆమె సెలవు పెడితే? బోర్డులో 9 వెనక వరస ఉంటుంది. రిసెప్షన్ ఎత్తకపోతే 202, అక్కడా ఎత్తకపోతే 205. సాయంత్రం నైట్ మోడ్ పడగానే 9 కింది గేటు దగ్గర వాచ్‌మన్ బల్ల మీద మోగుతుంది. అప్పుడు 'ఆమె' అనడం లింగవ్యత్యయం. వాచ్‌మన్‌కు ఈ ఆక్షేపణ చెప్తే, "ఎవరైతేంది సార్, నేను ఎత్తుతున్న గదా" అన్నాడు. దోషం కాదని తేలింది.

మూడో పాదం. మూడు అంటే మూడో అంకె కాదు. అలా అనుకుని 3 నొక్కి చెవి దగ్గర పెట్టుకుని నిలబడినవారున్నారు. బోర్డు కాసేపు చూసి ఎంగేజ్ మోత మోగిస్తుంది. 'మూడంకెలొత్త' అని పాఠాంతరం సూచించారు గానీ గణం చెడుతుంది.

నొక్కినప్పుడు వినపడేది ఒక స్వరం కాదు, ద్వంద్వ సమాసం. 5 నొక్కితే 770, 1336 హెర్ట్‌జుల స్వరాలు జంటగా వెళ్తాయి. అడ్డవరసకు ఒకటి, నిలువు వరసకు ఒకటి. బెల్ వారు 1963లో ఈ మీటల ఫోనును జనంలోకి తెచ్చారు.

అసలు మర్మం వేరే ఉంది. బోర్డుకు గదులు తెలీవు, మనుషులు అసలే తెలీరు. దానికి తెలిసింది పోర్టు. పదిహేడో పోర్టు నుంచి ఒక జత తీగ ట్యాగ్ బ్లాకుకు, అక్కడి నుంచి జంపరు వేసి గదికి వెళ్తుంది. ఆ పోర్టుకు 204 అని పేరు పెట్టడమే ఎక్స్‌టెన్షన్ ఇవ్వడం. మనిషి సీటు మారితే తీగ కదలక్కర్లేదు, పేరు మార్చుకుంటే చాలు. ఇంత సులువు గనుకే గొడవలు. ప్రమోషన్ వచ్చిన ఒకాయన బోర్డు సరిచేయడానికి వచ్చిన మనిషిని పక్కకు పిలిచాడు. "తమ్మీ, నా 208ని జర ముందట్కి జరుపరాదూ? నాకంటే జూనియర్‌కి 204 ఉంది." "జరుపుత సార్. గని మీ పాత నంబరు తెలిసినోళ్ల ఫోన్లన్నీ క్యాంటీన్ల మోగుతయ్. 208 ఆళ్లకే ఇయ్యాలె." ఆయన 208లోనే ఉండిపోయాడు. జీతాల పట్టికలో కనపడని హోదా ఈ నంబర్ల వరసలో కనపడుతుందన్నది ఈ పాదంలోని ధ్వని.

అమీర్‌పేట వారి వాదన కూడా వినాలి. 1999లో మార్క్ స్పెన్సర్ మొదలుపెట్టిన ఆస్టరిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌టెన్షన్ అంటే ఫోను కాదు, సూత్రం. ఎక్స్ అంటే 0 నుంచి 9 దాకా ఏదైనా. జెడ్ అంటే 1 నుంచి 9. ఎన్ అంటే 2 నుంచి 9. ముందొక కిందిగీత పెట్టి 2 ఎక్స్ ఎక్స్ అని రాస్తే 200 నుంచి 299 దాకా అన్నీ వచ్చేశాయి. పాణిని ప్రత్యాహారాల్లో చేసింది ఇదే. పైగా 208కి విడిగా ఒక సూత్రం రాస్తే సామాన్య సూత్రాన్ని కాదని అదే వర్తిస్తుంది. అపవాదం ఉత్సర్గాన్ని బాధిస్తుందని వైయాకరణులు చెప్పినట్టే. ఇంత అందం రాగి తీగలో లేదని ఒప్పుకుంటాం. కరెంటు పోయి నెట్‌వర్క్ స్విచ్చి ఆగినప్పుడు సూత్రాలన్నీ మౌనం వహిస్తాయని కూడా వారు ఒప్పుకోవాలి.

నాలుగో పాదం. ఇది శ్లేష. పట్టువిడుపులు లోకవ్యవహారంలో సర్దుబాటు. ఇక్కడ హోల్డ్, ఫ్లాష్. ఫ్లాష్ మీట లేని పాత ఫోనులో రిసీవరు పెట్టే బొడిపెను ఒక్కసారి తట్టి వదలాలి. మరీ చప్పున తట్టితే బోర్డు దాన్ని 1 అనుకోవచ్చు, ఎక్కువసేపు నొక్కితే పెట్టేశారనుకుని లైను కోస్తుంది. ఆ మధ్య కొలత చేతికి రావాలి, చెప్తే రాదు. ట్రాన్స్‌ఫర్లోనూ రెండు మర్యాదలు: అవతలివారిని అడిగి ఇవ్వడం, అడక్కుండా విసిరేయడం. మన ఆఫీసుల్లో రెండోదే ప్రచారం. విసిరేసిన పార్టీ ఎవరూ ఎత్తని గదిలో మోగి మోగి తిరిగి రిసెప్షన్‌కే వస్తాడు, ఈలోగా బేథోవెన్ వింటూ.

ప్రక్షిప్తం. అట్ట అడుగున పెన్సిలుతో, వేరే చేతిరాతలో, "206 చెడిపోయింది, సెల్‌కి చేయండి" అని ఉంది. గణాలు కుదరవు, యతి లేదు. కవి రాసింది కాదు. 206కి చేసి చూశాం. చెడిపోయే ఉంది.