కోడి వచ్చిందా?

మా బావమరిదికి ఒక జబ్బుంది. సినిమా మొదలైన పది నిమిషాలకల్లా కథంతా తెలిసిపోతుంది. తెలిస్తే తెలిసింది, నోరు మూసుకుని కూర్చుంటాడా అంటే కూర్చోడు. "బావా, రాసిపెట్టుకో" అంటూ నా చెవిలో మొదలుపెడతాడు. ముందు వరసవాళ్లు తల తిప్పి గుర్రుగా చూసేదాకా ఆపడు. వాడు ఇన్నేళ్లుగా రాసిపెట్టుకోమన్నవన్నీ నేను నిజంగానే రాసిపెట్టుకుని ఉంటే ఈపాటికి మూడు సంపుటాలు అచ్చేసుకునేవాణ్ణి.

2025 పండక్కి వాణ్ణి 'సంక్రాంతికి వస్తున్నాం'కి తీసుకెళ్లాను. టికెట్లు నావి, పాప్‌కార్న్ నాది, జోస్యం వాడిది. వెంకటేష్‌కి ఈ పక్క భార్య, ఆ పక్క పాత ప్రియురాలు కనబడ్డారో లేదో "అయిపోయింది బావా సినిమా" అని కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. ఎప్పుడొస్తుందో పేరులోనే చెప్పేసి, చెప్పినట్టే జనవరి 14న వచ్చిన సినిమా అది. అందులో కూడా సస్పెన్స్ వెతికితే ఎవరిది తప్పు? చుట్టూ జనం పడీపడీ నవ్వుతున్నారు. మా వరసలో ఓ పెద్దావిడ కళ్లజోడు తీసి కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. మావాడు మాత్రం పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌లా చేతులు కట్టుకుని, ఎవరు కాపీ కొడతారా అని కూర్చున్నాడు.

భరతముని నాట్యశాస్త్రంలో నవ్వుల్ని ఆరు రకాలుగా లెక్కపెట్టాడు. స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. మా బావమరిదిది ఏడోది. ముక్కులోంచి వచ్చే "హుఁ". ఆ మహర్షి మల్టీప్లెక్స్‌కి వెళ్లలేదు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

బయటికొచ్చాక, బండి స్టాండు తీస్తూ తీర్పు చెప్పాడు. "ప్రెడిక్టబుల్."

ఆ మాటకి ఈ మధ్య మహా గిరాకీ. "ముందే ఊహించాను" అంటే "అయితే ఏంటి?" అంటారు. "ప్రెడిక్టబుల్" అంటే మాత్రం అవతలివాడు ఒక్క క్షణం గౌరవంగా ఆగుతాడు. సినిమా నచ్చలేదని చెప్పడానికి కారణం కావాలి గానీ దీనికి అదేమీ అక్కర్లేదు. నేను డైరెక్టరు కన్నా తెలివైనవాణ్ణని నాలుగు అక్షరాల్లో చెప్పుకోవచ్చు.

సరే, వాడి కొలబద్దతోనే కొలుద్దాం. 1957లో 'మాయాబజార్' ఆడుతున్నప్పుడు, శశిరేఖ చివరికి ఎవర్ని పెళ్లాడుతుందో తెలియనివాడు తెలుగునాట ఏ హాల్లోనైనా ఉన్నాడా? అది ఊళ్లన్నీ నాటకాలాడి అరగదీసిన కథ. 1885లో కడప జిల్లాలోని సురభి అనే ఊళ్లో 'కీచక వధ'తో మొదలైన సురభి కుటుంబాలవాళ్లు ఇప్పటికీ మాయాబజార్ ఆడుతూనే ఉన్నారు, చూసినవాళ్లే మళ్లీ చూస్తూనే ఉన్నారు. మా బావమరిది 1957లో ఉంటే, ఆ సినిమా తీసిన కె.వి. రెడ్డిగారి భుజం మీద చెయ్యేసి "అభిమన్యుడే కదండీ?" అని కన్నుగీటి ఉండేవాడు.

అసలు సంగతేమిటంటే, ఆ సినిమాలో మనకి తెలియకపోతే నవ్వే రాదు. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని మనకి ముందే చెప్పేశారు కాబట్టే, సావిత్రి ఒంట్లోంచి ఎస్వీ రంగారావు ఠీవి తొంగిచూసినప్పుడల్లా హాలు గొల్లుమంటుంది. పెళ్లిపీటల మీద రేలంగి హడలిపోతుంటే మన పొట్ట చెక్కలవుతుంది. ఆ రహస్యాన్ని చివరిదాకా దాచిపెట్టి ఉంటే? పెళ్లికూతురికి దయ్యం పట్టిందనుకుని భూతవైద్యుణ్ణి పిలిపించమనేవాళ్లం. హాస్యంలో రహస్యమనేది తెరమీదవాడికి తెలియకూడదు గానీ, కుర్చీలోవాడికి తెలిసి తీరాలి. మావాడు ఘనంగా కనిపెట్టానంటున్నది, వాళ్లు పిలిచి చేతిలో పెట్టింది.

'గుండమ్మ కథ' (1962) అంతా దీనిమీదే నడుస్తుంది. డబ్బున్నవాళ్ల అబ్బాయి నిక్కరేసుకుని, పనివాడిగా చేరి పిండి రుబ్బుతున్నాడని గుండమ్మకి తప్ప హాల్లో అందరికీ తెలుసు. ఆ 'తప్ప'లోనే సూర్యకాంతం ఉంది. 'మిస్సమ్మ' (1955) మరీ అన్యాయం. జమీందారు తప్పిపోయిన కూతురి సంగతి చెప్పగానే, ఆ అమ్మాయి ఎవరో చంటిపిల్లవాడికి కూడా తెలిసిపోతుంది. పాపం డిటెక్టివ్ వేషం కట్టిన అక్కినేని నాగేశ్వరరావుకి మాత్రం అది తేల్చడానికి సినిమా అంతా పడుతుంది. చూస్తున్న జనంకన్నా వెనకబడ్డ డిటెక్టివ్ అంటే, అంతకు మించిన హాస్యం ఏముంటుంది? అందులో మావాడైతే మొదటి రీలులోనే కేసు తేల్చేసి, ఆ తర్వాత వచ్చే పాటలు కూడా వినకుండా లేచి వచ్చేసేవాడు.

అలాగని మావాడి గోలంతా వట్టిదేనని కొట్టిపారేయను. వాడికీ ఒక కాలంలో న్యాయం దక్కింది. శ్రీను వైట్ల 'ఢీ' (2007), 'రెడీ' (2008) గుర్తున్నాయి కదా. హీరో విలన్ ఇంట్లోకి దూరతాడు, మధ్యలో బ్రహ్మానందం ఇరుక్కుంటాడు, అంతమంది రౌడీల్నీ బకరాలు చేసి హీరో అమ్మాయితో బయటపడతాడు. విరగబడి చూశాం. 'దూకుడు' (2011)లో బ్రహ్మానందాన్ని నువ్వు రియాలిటీ షోలో ఉన్నావని నమ్మించారు. అదీ విరగబడి చూశాం. ఎందుకంటే ఆయన నమ్మాడు. టీవీలో కనిపించాలని, పేరూ డబ్బూ రావాలని లోపల ఎంత దురద ఉంటే మనిషి అంత అబద్ధాన్ని నమ్ముతాడో, ఆ దురదంతా ఆయన మొహంలో ఉంది. తర్వాత తర్వాత ఆ ఇల్లూ ఆ రౌడీలూ ఆ సోఫాలూ అలాగే ఉన్నాయి గానీ, నమ్మే మనిషి పోయాడు. కథకి అవసరం కాబట్టి నమ్మడం మొదలైంది. 2014లో 'ఆగడు' వచ్చేసరికి నాకు ఒకటే అనుమానం. ఈ విలన్లు ఏడేళ్లుగా ఒక్క తెలుగు సినిమా కూడా చూడలేదా? కొత్తగా ఎవడో నవ్వుమొహంతో ఇంట్లోకొచ్చి "అన్నా" అంటే, వెంటనే గేటు వేయించాలని ఇంతమంది గూండాల్లో ఒక్కడికీ తట్టలేదా? మనకి తెలిసిందని కాదు బాధ, వాళ్లకి కూడా తెలిసిపోయి ఉండాల్సిందే అనిపించడం బాధ.

ఈ తేడా మావాడికి చెబుదామని చాలా ప్రయత్నించాను. 2011లో అమెరికాలో, శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం మనస్తత్వ శాస్త్రజ్ఞులిద్దరు కొందరికి చిన్నకథలిచ్చి, ముగింపు ముందే చెప్పేసి చదివించారనీ, అలా చదివినవాళ్లకే కథలు ఎక్కువ నచ్చాయనీ వివరించాను. వాడు ముక్కుతో "హుఁ" అని, "ఈ రిజల్ట్ వస్తుందని నాకు ముందే తెలుసు బావా" అన్నాడు.

పోయిన ఆదివారం భోజనాలయ్యాక టీవీలో 'అహ నా పెళ్లంట!' వేశారు. జంధ్యాల తీసిన ఆ 1987 నాటి సినిమాని మా ఇంట్లో చూడ్డం ఎప్పుడో మానేశాం. ఇప్పుడు అది మోగుతూ ఉంటే మేం ఇంట్లో తిరుగుతూ ఉంటాం, అంతే. నేను పేపరు చదువుతున్నాను, బావమరిది ఫోను చూసుకుంటున్నాడు. వంటింట్లోంచి మా అమ్మ గొంతు.

"ఒరేయ్, కోడి వచ్చిందా?"

"ఇంకా లేదమ్మా."

"వస్తే పిలు. పాలు పొయ్యి మీదున్నాయి."

మావాడు తలెత్తాడు. "అత్తయ్యా, ఆ సీను మీరు నలభైసార్లు చూసుంటారు కదా?"

"చూశాను కాబట్టే అడుగుతున్నా. లేకపోతే కోడి వస్తుందని నాకెలా తెలుస్తుందిరా?"

వాడి దగ్గర సమాధానం లేదు. అంతలో టీవీలో కోట శ్రీనివాసరావు కంచం ముందు కూర్చున్నాడు. నేను పిలవక ముందే అమ్మ స్టవ్ కట్టేసి, గరిటె చేత్తోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. కోడి తాడుకి వేలాడటమే ఆలస్యం, కోట ఇంకా నోరు తెరవక ముందే ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. ఆయన అన్నం కలుపుకుంటూ కోడివైపు ఆశగా చూసి ముద్ద నోట్లో పెట్టుకునేసరికి, ఆవిడకి నిలబడ్డానికి ఓపిక లేక గుమ్మానికి ఆనుకుంది. ఎడమచేత్తో కళ్లు తుడుచుకుంది.

ఇక దీని తర్వాత ఏం జరుగుతుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. నవ్వు ఆగగానే ఆవిడ ఒక మాట అంటుంది. ప్రతిసారీ అదే మాట, అదే చోట, అదే గొంతు. మావాడు నావైపు వంగి, అలవాటు ప్రకారం చెవిలో, "బావా, రాసిపెట్టుకో. ఇప్పుడు పెద్దమావగారు వస్తారు" అన్నాడు.

అమ్మ గరిటె టీవీవైపు చూపించింది.

"మా పెద్దమావగారు అచ్చం ఇంతేరా. నేతి గిన్నె చూపించి అన్నం తినమనేవారు."

ముక్కుతో కాదు, ఈసారి పగలబడి నవ్వాడు మా బావమరిది. ఫోను ఒళ్లోంచి జారి కింద పడింది, తీసుకోవడానికి వంగి, అక్కడే మళ్లీ నవ్వాడు.