క్యోటో మహాఘంట ఆత్మకథ

క్యోటో నగరానికి తూర్పున, హిగాషియామా కొండల దిగువనున్న చియోన్-ఇన్ ఆలయం, అమితాభ బుద్ధుని నామస్మరణే తరణోపాయమని బోధించిన హోనెన్ స్థాపించిన జోడో శాఖకు ప్రధాన పీఠం. 1636లో ఆ ఆలయం కోసం పోతపోసిన కంచు గంట తన జీవితాన్ని తానే చెప్పుకొంటే, అందులో అధికభాగం మౌనమే. సుమారు 70 టన్నుల బరువు, 3.3 మీటర్ల ఎత్తు ఉన్న ఈ గంటకు లోపల నాలుక లేదు కనుక బయటినుంచి మనుషులు వచ్చి కొడితే తప్ప స్వరం లేదు. ఆ స్వరం కూడా ప్రధానంగా ఏప్రిల్‌లో జరిగే హోనెన్ స్మారకోత్సవాలకూ, డిసెంబరు 31 రాత్రికీ పరిమితం.

ఏడాది ఆఖరి రాత్రి గంట కొట్టే ఆ తంతును ‘జోయా నో కానె’ అంటారు. కన్ను మొదలు మనస్సు వరకు ఆరు ఇంద్రియాలను, సుఖ దుఃఖ ఉపేక్షలనే మూడు అనుభూతులతోనూ, నిర్మల మలిన భేదాలు రెంటితోనూ, మూడు కాలాలతోనూ గుణిస్తే 108 క్లేశాలు, అంటే మనసును కట్టిపడేసే మాలిన్యాలు, తేలుతాయనీ, ఒక్కో దెబ్బకు ఒక్కొక్కటి తొలగుతుందనీ విశ్వాసం. అష్టోత్తరాలు చదివే తెలుగువారికి ఈ సంఖ్య పరాయిది కాదు. గంటకు ఎదురుగా వేలాడే దూలాన్ని 17 మంది భిక్షువులు కలిసి ఊపుతారు. 16 మంది పిల్లతాళ్లు లాగుతుండగా, పెద్దతాడు పట్టిన భిక్షువు పిలుపు అందుకోగానే శరీరం మొత్తాన్ని వెనక్కు వదిలి, వీపు నేలను తాకుతుందా అన్నంతగా వెల్లకిలా వాలిపోతాడు. అంతమంది ఊపిరి ఒక్కటైతేనే ఈ కంచు పలుకుతుంది. స్పెయిన్‌లో పన్నెండు గంటలకు పన్నెండు ద్రాక్షపళ్లు తినే ఆచారంలోని ఉత్సాహం గొప్పదే అయినా, ఒక దెబ్బ మోత పూర్తిగా అణగేవరకు మరో దెబ్బకు వేచి ఉండే ఈ ఓర్పుకు ఉన్న గాంభీర్యం వేరు.

ఈ గంట చూసిన మార్పుల్లో పెద్దది పంచాంగానిది. అంతకుముందు జపాన్ పంచాంగం, ఉగాదిని నిర్ణయించే లెక్కలాగే, చాంద్రమాసాలను అధికమాసాలతో సూర్యగతికి సరిచేసుకుంటూ నడిచేది కనుక, ఏడాది ఎప్పుడూ చంద్రుడు కనిపించని చీకట్లోనే మారేది. మెయిజీ ప్రభుత్వం గ్రెగోరియన్ పద్ధతికి మారుతూ, మెయిజీ 5వ ఏట పన్నెండో నెల మూడో రోజు కావలసిన దినాన్ని 1873 జనవరి 1గా ప్రకటించడంతో, ఆ నెల రెండు రోజులకే ముగిసింది. కొత్త ఏటికీ చంద్రునికీ ఉన్న బంధం అధికారికంగా తెగిపోయింది.

అంతకంటే బాధాకరమైనది 1941లో వచ్చిన లోహ సేకరణ ఉత్తర్వు. యుద్ధం కోసం ఆలయాల గంటలను దింపి కరిగించినప్పుడు ఈ గంట మిగిలింది గాని, ఎన్నో ఊళ్ల గంటలు తిరిగి రాలేదు. మోగే గంట లేకుండా ఆ ఊళ్లు ఏడాదిని సాగనంపిన రాత్రులను ఏ చరిత్రా మరువకూడదు.

గంటల మోత వింటూనే జనం పక్కనున్న యసాకా షింటో మందిరానికి పోతారు. అక్కడి పవిత్రాగ్నిని వెదురు నార తాడు కొసకు అంటించుకొని, ఆరిపోకుండా గిరగిరా తిప్పుతూ ఇంటికి తీసుకుపోయి, దానితో పొయ్యి వెలిగించి, బియ్యపు ముద్దలు వేసిన ‘జోని’ అనే పులుసు వండుకోవడం పాత ఆచారం. 1868లో ప్రభుత్వం బౌద్ధాన్నీ షింటోనూ వేరుచేసినా, ఆ రాత్రి మాత్రం ఒకే కుటుంబం రెండింటినీ దర్శించుకోవడం మానలేదు.