మాట తర్వాతే నేను

నేను ఫుట్‌బాల్ రిఫరీ జేబులో ఉండే పసుపు కార్డును. నన్ను పైకెత్తితే ఎంతటి ఆటగాడైనా ఒక్క క్షణం ఆగుతాడు. ఆ గౌరవం నాకు ఊరికే రాలేదు.

1966 ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్. లండన్ వెంబ్లీలో ఇంగ్లండ్‌తో అర్జెంటీనా తలపడింది. నోటి దురుసు చూపాడంటూ అర్జెంటీనా కెప్టెన్ ఆంటోనియో రట్టిన్‌ను జర్మన్ రిఫరీ రుడాల్ఫ్ క్రైట్‌లైన్ బయటికి పొమ్మన్నాడు. ఆ రిఫరీకి స్పానిష్ రాదు. దుబాసీని పిలవమని రట్టిన్ పట్టుబట్టాడు, ఆట చాలాసేపు ఆగిపోయింది. ఆ పోటీల్లో రిఫరీల వ్యవహారం చూసిన కెన్ ఆస్టన్‌కు, కారులో వెళ్తుండగా కెన్సింగ్టన్ హై స్ట్రీట్ సిగ్నల్ దీపాలు చూసి నా ఆలోచన, మా అన్న ఎర్ర కార్డు ఆలోచన తట్టాయి. 1970 మెక్సికో ప్రపంచకప్‌లో మేం తొలిసారి మైదానంలోకి దిగాం. ఆ పోటీలన్నిటిలో మా ఎర్రన్న జేబులోంచి బయటికి రావలసిన పనే పడలేదు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు గర్వమే.

నా మొదటి యజమాని ఇంగ్లండ్ పార్కుల్లో ఆదివారం మ్యాచ్‌లు నడిపేవారు. గోల్ తప్పిన కుర్రాడు తనను తాను తిట్టుకుంటే విననట్టే ఉండేవారు. తన నిర్ణయం మీద ఎవరైనా కేకలేస్తే ముందు ఈల గట్టిగా ఊదేవారు. తర్వాత దగ్గరికెళ్లి, గొంతు తగ్గించి, "ఇక చాలు" అనేవారు. అయినా ఆగకపోతే కెప్టెన్‌ను పిలిచి, "మీవాణ్ణి నువ్వే చూసుకో" అనేవారు. అదీ పని చేయకపోతేనే నన్ను తీసేవారు. కెప్టెన్ ఒక్కడే వచ్చి రిఫరీతో మాట్లాడాలని 2024 యూరో కప్‌లో నియమం పెడితే అందరూ మెచ్చుకున్నారు. మా యజమాని ఆ దారి ఏనాడో పట్టారు.

ఫుట్‌బాల్ 12వ నియమం ప్రకారం రిఫరీ నిర్ణయాన్ని ధిక్కరిస్తే నేను, దూషిస్తే నేరుగా ఎర్రన్న. ఇంగ్లండ్‌లో చిన్న స్థాయి పోటీల్లో 2019 నుంచి, ధిక్కరించినవాడికి నన్ను చూపించి 10 నిమిషాలు బయట ఉంచుతున్నారు.

మా యజమాని రిఫరీ పని మానేశాక ఒక కొత్త కుర్ర రిఫరీ చేతికొచ్చాను. ఎవరేమన్నా మొదటి అరగంట నోరు మెదిపేవాడు కాదు. అంతా దిగమింగి, దిగమింగి, ఒక్కసారిగా నన్ను లాగి ఆడించేవాడు. వణికే చేతిలో నన్ను చూసి ఎవరు ఆగుతారు? గీతకు అవతల నిలబడి తల్లిదండ్రులు అరిచే బూతులకైతే నేను అసలే పనికిరాను. వాళ్లకు చూపించే కార్డు లేదు.

ఒకరోజు వానలో, పదకొండేళ్ల పిల్లల ఆటలో, ఒక తండ్రి ఆ కుర్రాణ్ణి అనరాని మాట అన్నాడు. ఆట ముగియగానే కుర్రాడు ఇంటికెళ్లి నిక్కరు విప్పి పడేశాడు. నేను ఆ జేబులోనే ఉతుకుడు యంత్రంలో తిరిగాను. నా మూలలు విచ్చుకున్నాయి. వెనక మా పాత యజమాని పెన్సిల్‌తో రాసిన ఆటగాళ్ల నంబర్లు సగం చెరిగిపోయాయి. పసుపు పోయి పాలిపోయాను. నన్ను కిటికీ గట్టు మీద ఆరబెట్టారు, ఎవరూ మళ్లీ తీయలేదు. దుమ్ము పేరుకుంది. చివరికి ఇల్లు సర్దేటప్పుడు చెత్తబుట్టలో వేశారు. ఆ కుర్రాడు మళ్లీ ఈల పట్టలేదు.

కొత్త రిఫరీ జేబులో నాలాంటి దాన్ని పెట్టి పంపే పెద్దలారా, నాకంటే ముందు వాడవలసిన ఈలనూ, చూపునూ, మెత్తని మాటనూ నేర్పి పంపండి. గీత పక్కన నిలబడేవాళ్లూ నోరు అదుపులో పెట్టుకోండి. అప్పుడు నన్ను ఎత్తే చెయ్యి వణకదు.