విదేశాంగ శాఖ వారికి తంబళ్లపల్లె నుంచి ఒక అర్జీ

మహారాజశ్రీ భారత విదేశాంగ శాఖ వారి సముఖానికి,

తంబళ్లపల్లె వాస్తవ్యుడు రాసుకున్న అర్జీ. మా చెరువు గురించో రోడ్డు గురించో కాదు, కంగారు పడకండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 5, వుడ్ స్ట్రీట్‌లో ఉన్న గదర్ స్మారక భవనం గురించి.

తమరికి తెలియనిదేముంది! 1913లో అమెరికాలోని మన పొలం కూలీలూ, రంపపు మిల్లు కార్మికులూ, కొందరు విద్యార్థులూ తెల్లదొరతనాన్ని కూల్చడానికి పెట్టుకున్న పార్టీ గదర్. ఆ ఏడు నవంబరు 1న పార్టీ పత్రిక తొలి సంచిక ఉర్దూలో అచ్చయింది. కూలి డబ్బుల్లోంచి చందాలిచ్చి దాన్ని సముద్రాలు దాటించారు. తర్వాత తామే ఓడలెక్కి వచ్చారు. ఎందరో లాహోరులో ఉరికంబమెక్కారు. చదువుకోసం వెళ్లి వాళ్లలో కలిసి జైలుపాలైన దరిశి చెంచయ్య మన కనిగిరివాడే.

అందరూ దేవుళ్లేం కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో వాళ్ల మీద కుట్ర కేసు నడుస్తుండగా 1918 ఏప్రిల్‌లో, నిండు కోర్టులో, నాయకుడు రామచంద్రను సొంత పార్టీవాడే కాల్చేశాడు. అంతకుముందు 1916లో ఆ ఊరొచ్చిన రవీంద్రుణ్ణి గదర్ వాళ్లు చంపబోతున్నారని పుకారు పుడితే పోలీసులు కాపలా కాశారు. ఆయన నమ్మలేదనుకోండి. ఆ రవీంద్రుడే 1919 ఫిబ్రవరిలో మా పక్కనున్న మదనపల్లె బిసెంట్ కళాశాలకొచ్చి జనగణమనను ఇంగ్లిషులోకి మార్చాడు. కాబట్టి ఈ గొడవలో తలదూర్చే హక్కు మాకూ కాస్త ఉంది.

స్వతంత్రం వచ్చాక గదర్ వారు మిగిలిన ఆస్తిని దేశానికి అప్పగించారు. వుడ్ స్ట్రీట్‌లోని వాళ్ల పాత ఇంటిచోట కొత్త భవనం లేచి 1975లో తెరుచుకుంది. రాజ్యాన్ని వణికించిన ఆ చిరునామా ఇప్పుడు గోడల మీది పటాలతో, ఎప్పుడైనా ఒక సభతో సరిపెట్టుకుంటోంది. 2013 శతజయంతికి ప్రధాని మన్మోహన్ సింగ్ కొచ్చిలో మాట్లాడుతూ ఈ భవనానికి మ్యూజియం, గ్రంథాలయం, శిల్పం అన్నారు. తపాలా బిళ్ల మాత్రం వెంటనే వచ్చింది. మిగతావాటి కోసం అభిమానులు అడుగుతూనే ఉన్నారు. ప్రభుత్వాలు మారాయి, మంత్రులు మారారు. ఫైలు నిలకడకు మెచ్చుకోవాల్సిందే. జీతం లేని కూలీలు అచ్చుయంత్రం నడిపారు, జీతాలున్న తమరు గ్రంథాలయం నడపలేరా అని నేననను. అంటే రాజద్రోహమవుతుందేమో.

శిల్పం లేకపోయినా ఫరవాలేదు. తలుపు తీసి ఉంచే మనిషి, పాత సంచికలు చదువుకోవడానికి బల్ల, చెంచయ్య పేరుతో తెలుగు లిపిలో ఒక పలక: ఇంతే మా కోరిక.

ఇట్లు,
(గదర్ వారి మీద గౌరవం కొద్దీ ‘విధేయుడు’ అని రాయడం లేదు)
తంబళ్లపల్లె పౌరుడు